చెరువు గట్టున అప్‌డేట్ రోజు

లినక్స్ మీద నడిచే ఏ కంప్యూటర్‌లోనైనా అప్‌డేట్ మొదలుపెడితే, పని చేసే ముందు అది మనల్ని ఒక మాట అడుగుతుంది. ఇవి కొత్తగా తెస్తాను, ఇవి మారుస్తాను, ఇవి తీసేస్తాను, సరేనా అని. ఇంత మర్యాదగా అడిగే యంత్రాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. అది అడిగినదాన్ని ఆసాంతం చదివేవాళ్ళను కూడా ఎక్కువమందిని చూడలేదు. నేను చదివేవాణ్ణి. అందువల్ల మా ఆఫీసులో నాకు నిదానస్తుడని పేరొచ్చింది. అది పొగడ్త కాదని నాకు చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్ చేసి, "మీ సర్వీసులో పెద్ద సర్వర్ ఏదైనా పడిపోయిందా సార్?" అని అడుగుతున్నారు. పెద్ద సర్వర్లు నా చేతికెప్పుడూ రాలేదు. నేనెరిగినంతలో పడిపోయింది టిఫిన్ క్యారేజీ అంత పెట్టె. అది ఆకివీడుకు అవతల, కొల్లేరు అంచున, ఒక చేపల చెరువు గట్టు మీద ఉండేది. పిల్లలూ, దాని సంగతే చెబుతాను. అంతకంటే పెద్దది కావాలంటే ఇంకెవరినైనా అడగండి.

మా కంపెనీ ఏలూరులో ఒక చేపల మేత కొట్టు పైన ఉండేది. మా యజమాని మొదట్లో మేత అమ్మినాయన. చెరువుకి ఈ గట్టున నిలబడి ఆ గట్టున ఉన్నవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు అలా స్థిరపడిపోయింది. ఎదురుగా కూర్చున్నా, ఫోన్లో ఉన్నా, మధ్యలో చెరువు ఉన్నట్టే మాట్లాడేవారు. చదువుకున్నవాళ్ళంటే గౌరవం, వాళ్ళు చేసే ఆలస్యమంటే చిరాకు. ఈ రెండూ ఒకే వాక్యంలో చెప్పగలిగేవారు.

మేం అమ్మే సరుకు ఆ పెట్టె. నీళ్ళలో దించిన సెన్సర్ ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది. తగ్గితే పెట్టెలోని మా ప్రోగ్రాం ఏరియేటర్లను తిప్పుతుంది. ఏరియేటర్లంటే నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు. నీళ్ళలో గాలి తగ్గితే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఇంకాస్త తగ్గితే మూస్తాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న వ్యవధిలోనే మా వ్యాపారమంతా ఉండేది.

పెట్టెల్లో అప్‌డేట్లు చేయడం నా పని. చేయకపోతే పాత లోపాల్లోంచి ఎవరో ఒకరు దూరతారు. చేస్తే కొత్త లోపాలు మనమే తెచ్చుకుంటాం. అందుకని ముందు ఒక్క చెరువు మీద చేసి, బాగుందనుకున్నాక మిగతావాటికి చేయాలని నేను పట్టుబట్టాను. యజమాని ఒప్పుకున్నారు. ఇక ఆ ఒక్క చెరువు ఎవరిదన్నదే సమస్య. రైతులందరూ మంచి పద్ధతేనండీ అన్నారు. ముందు పక్కవాళ్ళ చెరువులో చూడండి అని కూడా అన్నారు.

చివరికి ఒకావిడ ఒప్పుకుంది. కొల్లేట్లో తరతరాలుగా చేపలు పట్టిన కుటుంబం వాళ్ళది. భర్త చేపల లారీ నడుపుతాడు. ఐసు పెట్టెలతో ఆకివీడులో బయల్దేరితే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకీ తెలీదు. చెరువంతా ఆవిడే చూసుకునేది.

"చేసుకోండి గానీ, చేసిన రోజు మీరు ఇక్కడే కూర్చోవాలండీ. ఏలూరులో కూర్చుని మీట నొక్కి వెళ్ళిపోతానంటే కుదరదు. ఇక్కడే ఉండి, చక్రాలు తిరిగాక వెళ్ళండి" అంది.

అలా అప్‌డేట్ ఉన్నప్పుడల్లా నేను ఆ గట్టు మీద రేకుల షెడ్డులో మేత బస్తాల మీద కూర్చునేవాణ్ణి. ఆవిడ భోజనం పెట్టేది. ఎప్పుడూ కొల్లేరు చేపే వండేది, సొంత చెరువు చేప మాత్రం వండేది కాదు. ఒకసారి ఎందుకని అడిగితే, "అవి అమ్ముకోడానికండీ" అంది, నేను తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసి.

పక్క చెరువు ఒక పెద్దాయనది. ఆయనకూ మా పెట్టె ఉంది. ఆవిడకీ ఆయనకీ మాటల్లేవు. ఒక ఏడాది వరదకి మధ్య గట్టు తెగి రెండు చెరువుల చేపలూ కలిసిపోయాయి. నీళ్ళు తీశాక ఎవరి చేపలు ఎవరి చెరువులో ఉండిపోయాయన్నది తేలలేదు. అది తేలే విషయం కూడా కాదు. చేపలు చెప్పవు కదా. ఆయనకి ఆవిడన్నా పడదు, అప్‌డేట్లన్నా పడదు. పెట్టె బిగించిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలంటాడు. దసరాకి దానికి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేవాడు. "తిరుగుతున్నదాన్ని కెలకడమెందుకండీ?" అన్నది ఆయన వాదన. ఆ వాదనకు ఈ రంగంలో ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఆ వర్షాకాలం ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది. నేను గట్టు మీద పూటంతా గడపడం మా యజమానికి నచ్చలేదు. "మధ్యాహ్నానికల్లా అయిపోవాలండీ. మీరు చదివి చదివి నొక్కుతుంటే చేపలకి ముసలితనం వచ్చేస్తుంది" అన్నారు. కామవరపుకోట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి మా దగ్గర కొత్తగా చేరింది. చురుకైన పిల్ల. అన్ని మెట్లూ వరుసగా చేసేసే స్క్రిప్టు రాసింది. మెషీన్ అడిగే ప్రతి ప్రశ్నకీ 'అవును' అని అందులో ముందే రాసి పెట్టింది. చివర్లో, డౌన్‌లోడ్ అయిన పాత ఫైళ్ళన్నీ చెరిపేసి, డిస్కు శుభ్రం చేసే వరుస కూడా ఉంది. ఆఫీసు బల్ల మీద ఉన్న పెట్టెలో నడిపి చూసింది. చక్కగా పనిచేసింది. నేనూ చూశాను.

తర్వాత తెలిసిందేమిటంటే, బల్ల మీది పెట్టెలో మా ప్రోగ్రాంను ఎవరో ఎప్పుడో చేత్తో కాపీ చేసి పెట్టారు. చెరువుల మీది పెట్టెల్లో అది ప్యాకేజీగా, అంటే సిస్టం తన లెక్కలో రాసుకుని ఎక్కించిన మూటగా ఉంది. తేడా ఏమిటంటే, చేత్తో పెట్టినదాని సంగతి సిస్టంకి తెలీదు కాబట్టి దాని జోలికి పోదు. ప్యాకేజీగా ఉన్నదాని మంచిచెడ్డలు అదే చూసుకుంటుంది. మా ప్రోగ్రాంకి సెన్సర్‌తో మాట్లాడ్డానికి ఇంకో చిన్న ప్యాకేజీ కావాలి, అదీ పాత వెర్షనే కావాలి. కొత్త అప్‌డేట్ ఆ చిన్నదాన్ని మార్చేస్తుంది. అప్పుడు మా ప్రోగ్రాంకి దానితో పొసగదు. బల్ల మీది పెట్టెకి సెన్సర్ తగిలించలేదు కాబట్టి అక్కడ ఆ సంగతి బయటపడలేదు. పొసగని వాళ్ళిద్దరిలో ఎవరో ఒకరు బయటికి వెళ్ళాలి. సిస్టం మర్యాదగా అడుగుతుంది, మీ ప్రోగ్రాం తీసేస్తున్నాను, సరేనా అని. స్క్రిప్టు అవును అంటుంది.

నేను వెళ్ళిన రోజు పొద్దుట్నించీ ముసురు. ఎండ లేకపోతే నీళ్ళలో నాచు గాలి వదలదు, ఆక్సిజన్ పడిపోతుంది. నేను వచ్చేసరికే చక్రాలన్నీ తిరుగుతున్నాయి. నిజానికి ఆ రోజు మానుకుని ఇంకో రోజు పెట్టుకోవాల్సింది. ఆ మాట ఫోన్లో యజమానితో అన్నాను. "మబ్బుల్ని చూసుకుంటూ కూర్చుంటే వర్షాకాలంలో ఆఫీసు మూసెయ్యాలండీ" అన్నారు. స్క్రిప్టు మొదలుపెట్టాను.

అది గబగబా నడిచింది. తెర మీద వరుసలు వర్షంలా జారిపోయాయి. చదవడానికి వీల్లేదు. కాసేపటికి బయట చప్పుడు ఆగింది.

చక్రాల చప్పుడుకు అలవాటుపడ్డవాళ్ళకి ఆ నిశ్శబ్దం చాలా పెద్దగా వినిపిస్తుంది. ఆవిడ షెడ్డు గుమ్మంలోకి వచ్చింది.

"ఆగిపోయాయేంటండీ?"

"అప్‌డేట్‌లో కాసేపు ఆగుతాయమ్మా. మళ్ళీ తిరుగుతాయి."

"ఆయ్" అని వెళ్ళి గట్టు మీద నిలబడింది.

స్క్రిప్టు అయిపోయింది, విజయవంతంగా ముగిసిందని ప్రకటించింది కూడా. చక్రాలు తిరగలేదు. మా ప్రోగ్రాంను లేపుదామని చూస్తే, అలాంటిదేమీ ఇక్కడ లేదంది. ఇందాక ఏం జరిగిందో రాసుకున్న ఫైలు తెరిచి చూశాను. తీసేసినవాటిలో మా ప్రోగ్రాం పేరు ఉంది, ఏ హడావుడీ లేకుండా, ఏదో ఫాంటుకీ ఒక ప్రింటర్ డ్రైవర్‌కీ మధ్యన.

పెట్టెతో పని లేకుండా చక్రాలు తిప్పడానికి ఒక మాన్యువల్ స్విచ్చు ఉండాలి. ఉంది. ఎండాకాలంలో వోల్టేజి ఎక్కువై కాలిపోయింది. మార్చాలని మాకందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ మార్చలేదు. మా ఎలక్ట్రీషియన్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల గోదాముకి ఫ్యాన్లు బిగిస్తున్నాడు.

"ఇప్పుడే బయల్దేరుతున్నాను సార్. మీరు మాత్రం ప్యానెల్లో చెయ్యి పెట్టకండి, మూడు ఫేజులు. చేపలు పోతే మళ్ళీ పెంచుకోవచ్చు. మీరు పోతే నేను రిపోర్టు రాయాలి. నాకు రాయడం రాదు" అన్నాడు. ఆయన ఏ పరిస్థితిలోనూ గొంతు పెంచడు. మా యజమానికి సరిగ్గా వ్యతిరేకం.

సరే, పాత ప్యాకేజీలు మళ్ళీ ఎక్కిద్దామనుకున్నాను. ఎక్కడ్నుంచి? పెట్టెలో దాచుకున్న కాపీల్ని స్క్రిప్టు శుభ్రం చేసేసింది. ఇంటర్నెట్లోంచి తెద్దామంటే, ఆ ముసురుకి సిగ్నల్ మాటలకి సరిపోతోంది గానీ డేటా కదలట్లేదు. కదిలినా లాభం లేదు. అప్‌డేట్లు వచ్చే చోట కొత్త వెర్షన్ రాగానే పాతదాన్ని తీసేశారట. ఆఫీసులో ఆ అమ్మాయి ఫోన్లో చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఏడుపు తర్వాత, ముందు వెతుకమ్మా అన్నాను.

అప్పటికి చెరువులోని బొచ్చె చేపలు పైకి తేలాయి. నీళ్ళ మీద ఎటు చూసినా గుండ్రటి నోళ్ళే. మూసుకుంటూ తెరుచుకుంటూ, అన్నీ ఏదో ఒకే మాట అంటున్నట్టు. ఆవిడా ఇద్దరు పనివాళ్ళూ పడవెక్కి ఆక్సిజన్ బిళ్ళలు చల్లుతున్నారు. ఆవిడ నన్ను తిట్టలేదు. ఒక్కసారి మాత్రం పడవలోంచి నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పుడు పక్కచెరువు పెద్దాయన పెట్టె గుర్తొచ్చింది. బిగించిన రోజు నుంచీ ఎవరినీ ముట్టుకోనివ్వని పెట్టె. దాన్ని ఎవరూ శుభ్రం చేయలేదు. అందులో పాత ప్యాకేజీలు మొదటిరోజు దాచినవి దాచినట్టే ఉండాలి. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మధ్య గట్టు మీద పరిగెత్తాను. బురదలో ఒక చెప్పు పోయింది. నిదానస్తుణ్ణి పరిగెత్తగా చూడ్డం ఆయనకి అదే మొదటిసారి. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సంగతి చెప్పాను. మీ పెట్టెలోంచి రెండు ఫైళ్ళు కాపీ చేసుకోవాలండీ అన్నాను.

"నా పెట్టెని ముట్టుకుంటారా?"

"మార్చనండీ. ఉన్నది చదువుకుంటానంతే."

"చదివితే ఏమీ అవదుగా?"

"అవదండీ. చదవకపోతేనే అవుతుంది."

ఆయన ఆవిడ చెరువు వైపు చూశాడు. పడవలో ఆవిడ వంగి బిళ్ళలు విసురుతోంది.

"ఆవిడ పంపించిందా మిమ్మల్ని?"

"లేదండీ. నేనే వచ్చాను."

"అడగమని కూడా అనలేదు?"

"అనలేదండీ."

"అయితే సరే" అన్నాడు. పెట్టె దగ్గరికి దారి ఇస్తూ, ఎందుకు ఇస్తున్నాడో నాకు తెలియాలనుకున్నాడేమో, "ఆ చెరువులో నా చేపలు కూడా ఉన్నాయి" అని చేర్చాడు.

ఎండిపోయిన బంతిపూల దండ పక్కకి తప్పించి పెట్టె తెరిచాను. ఫైళ్ళు ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, రెండో చెప్పు కూడా అక్కడే వదిలేసి, వెనక్కి పరిగెత్తాను. చిన్న ప్యాకేజీని పాత వెర్షన్‌కి దించాను. వెనక్కి వెళ్తున్నావు, సరేనా అని అడిగింది. మొత్తం చదివి అవునన్నాను. తర్వాత మా ప్రోగ్రాం ఎక్కించాను. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత గట్టు చివర ఒక చక్రం మూలిగి తిరిగింది. దాని వెంట రెండోది. ఆ వెంట అన్నీ.

ఎలక్ట్రీషియన్ భాయ్ వానలో తడుస్తూ వచ్చేసరికి చక్రాలు తిరుగుతున్నాయి. బండి దిగి, వాటిని చూసి, "మరి నేనెందుకు సార్?" అన్నాడు. కానీ వెనక్కి పోలేదు. కరెంటు తీయించకుండా చేసే పని కాదని, చేపలు తేరుకునేదాకా షెడ్డులో కూర్చున్నాడు. నీళ్ళ మీద నోళ్ళు మాయమయ్యాక స్విచ్చు మార్చాడు.

అన్నీ తేరుకోలేదు. పెద్ద బొచ్చెలు కొన్ని వెల్లకిలా తేలాయి. తూముకి దగ్గర్లో ఎక్కువ. ఆవిడ నడుంలోతు నీళ్ళలో నిలబడి వాటిని ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెడుతోంది, విసరకుండా.

అప్పుడు మా యజమాని ఫోన్ చేశారు. అన్నీ విని, "చూడండి. ముసురు పట్టింది కదా. ముసురుకి చేపలు పోయాయంటే ఈ ప్రాంతంలో కాదనేవాళ్ళు లేరు. అలాగే చెప్పండి. అబద్ధం కూడా కాదు" అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను.

ఆవిడ గట్టెక్కి తడిచీరతోనే నా ఎదుట నిలబడింది.

"ఏవండీ, ఒక్కమాట చెప్పండి. ఇవి మబ్బు వల్ల పోయాయా, పెట్టె వల్ల పోయాయా?"

మా యజమాని చెప్పిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అబద్ధం కూడా కాదు. కానీ ఆవిడ చేతుల్లో ఇంకా ఒక చేప ఉంది.

"పెట్టె వల్లేనమ్మా. మబ్బు లేకపోతే ఇంత నష్టం జరిగేది కాదు. కానీ పెట్టె ఆగకపోతే మబ్బు ఉన్నా ఏమీ అయ్యేది కాదు."

ఆవిడ తలూపింది. "తెలుసండీ. మీ సారు గొంతు తూముదాకా వినపడింది. మీరేం చెబుతారోనని అడిగాను."

ఆ చేపని మిగతావాటి పక్కన పెట్టింది.

మర్నాడు యజమాని నన్ను పిలిచి, కంపెనీని నిలువునా ముంచేశానన్నారు. ఏలూరు బజారంతా విన్నది. ఆవిడ చెరువులో వచ్చే పంటకి చేపపిల్లల్ని తామే వేయిస్తామని సాయంత్రానికి ఆయనే కబురు పంపారు. అది మాత్రం ఎవరికీ వినపడకుండా చేశారు.

స్క్రిప్టు రాసిన అమ్మాయి ఎవరూ చెప్పకుండానే బస్సెక్కి ఆ చెరువుకి వెళ్ళింది. "అన్నిటికీ అవునని రాసేశాను ఆంటీ" అందట. "పెళ్ళిచూపుల్లో మాత్రం అలా అనకమ్మా" అని ఆవిడ అన్నం పెట్టి పంపించిందట. ఆ అమ్మాయే తర్వాత మా ప్రోగ్రాంని, దాని చిన్న ప్యాకేజీని 'నేను చెప్పేదాకా కదపకు' అని కట్టిపెట్టే పద్ధతి పెట్టింది. పాత ప్యాకేజీలన్నీ ఆఫీసులో దాచింది. ఇప్పుడు నా కుర్చీలో ఉన్నది తనే. నాకంటే నిదానంగా చదువుతుందని ఫిర్యాదులు వస్తున్నాయట. సంతోషం.

ఆవిడ పెట్టె పీకేస్తుందనుకున్నాను. పీకలేదు, ఒక షరతు పెట్టింది. ఇకమీదట మెషీన్ అడిగే ప్రశ్న ఆవిడకి తెలుగులో చదివి వినిపించి, ఆవిడ సరేనన్నాకే నొక్కాలి. అలాగే చేశాను. ఆవిడ వల బాగుచేసుకుంటూ వినేది.

"ఇది ప్రింటర్‌కి సంబంధించింది. తీసేస్తానంటోంది."

"మనకి ప్రింటర్ లేదు కదండీ. తీసెయ్యమనండి."

"ఇది ఎవరో దూరదేశం వాళ్ళ లిపి చూపించేది."

"అది ఉంచమనండి, పాపం. ఎవరైనా వస్తే."

అలా ఆ పెట్టెలో ఆ లిపి చాలాకాలం ఉంది. ఎవరూ రాలేదు.

నేను రిటైరయ్యే ముందు పెద్దాయన చెరువుకి కొత్త సెన్సర్ అవసరమైంది. పాత పెట్టెకి అది అర్థం కాదు. వేరే దారి లేక ఆయన అప్‌డేట్‌కి ఒప్పుకున్నాడు. ఎండ బాగా కాస్తున్న రోజు చూసుకుని వెళ్ళాను. పెట్టెకి దండం పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను. మధ్యలో తలెత్తితే, మధ్య గట్టు మీద ఆవిడ నిలబడి ఉంది. వెనక ఇద్దరు పనివాళ్ళు, వాళ్ళ తలల మీద ఆక్సిజన్ బిళ్ళల బస్తాలు.

"తీసేసేవాటిలో మనది లేదు కదండీ?" అని అక్కణ్నుంచే నన్నడిగింది.

"ఏమంటోంది?" అన్నాడు పెద్దాయన. ఆయనకి చెవులు బాగానే వినిపిస్తాయి.

"ప్రోగ్రాం పోదు కదా అని అడుగుతున్నారండీ."

"పోదని చెప్పండి."

"పోదమ్మా" అన్నాను గట్టు వైపు తిరిగి.

నొక్కాను. చక్రాలు ఆగాయి. కాసేపటికి చక్రాలు మళ్ళీ తిరిగాయి. ఆవిడ పనివాళ్ళకి సైగ చేసి వెనక్కి మళ్ళింది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "టీ తాగి వెళ్ళమనండి."

కేకేశాను. ఆవిడ ఆగింది. "ఇంకోసారి తాగుతానని చెప్పండి" అంది.

చెప్పాను. ఆయన పెట్టె మూత మూశాడు.

"ఎప్పుడట?" అన్నాడు.

"అడగమంటారా?"

"అడగండి. నేనడిగానని మాత్రం చెప్పకండి."